తప్పు నాదని చెప్పిన టీచరమ్మ

పోయిన నెల ఒక మంగళవారం, బడి వదిలాక కారు తీయబోతుంటే ఫోన్ వచ్చింది. ఈ పరాయి దేశంలో మేముండే శివారు ట్రుగనీనాలో మా ఇంటికి నాలుగు వీధుల అవతల ఉండే గుంటూరు అమ్మాయి. మామూలుగా అయితే ముందు భోజనం సంగతి అడుగుతుంది. ఆ రోజు అడగలేదు.

“మేడమ్ గారు పోయారంట అక్కా,” అంది.

ఏ మేడమ్ అని నేను అడగలేదు. మా ఇద్దరికీ కలిపి మేడమ్ ఒక్కరే. ఆ అమ్మాయి కూతురు, పదిహేనేళ్ళది, ఏడాదికి రెండు మూడు ఉత్తరాలు ఆవిడకి రాస్తూ ఉంటుంది. ఈసారి జవాబు ఆవిడ కూతురి దగ్గర్నించి వచ్చిందట. క్యాన్సర్. బయటపడ్డ ఆరు వారాలకే అంతా అయిపోయింది. ఎవరికీ చెప్పొద్దని అన్నారట. ఆ మాట మాత్రం నాకు ఆశ్చర్యం కలిగించలేదు.

ఇంజన్ ఆపి అలాగే కూర్చుండిపోయాను. పిల్లలంతా వెళ్ళిపోయారు. గేటుకి తాళం వేయడానికి వచ్చిన ఆయన అద్దం మీద తట్టి, బాగానే ఉన్నావా అని అడిగితే తల ఊపాను.

ఇక్కడి బళ్ళలో ప్రిన్సిపాల్‌నైనా పేరు పెట్టే పిలుస్తారు. నాకంటే పాతికేళ్ళు పెద్దావిణ్ణి పేరు పెట్టి పిలవడానికి నాకు చివరిదాకా నోరు రాలేదు. ఎదురుగా ఉన్నప్పుడు ఏ పిలుపూ లేకుండా నెట్టుకొచ్చాను. ఇంట్లో మాత్రం టీచరమ్మ అనేవాళ్ళం. ఇక్కడా అలాగే రాస్తాను. ఆవిడ మాట్లాడింది ఇంగ్లిషే. ఆ ఒక్క భాష తప్ప ఆవిడకి ఇంకోటి రాదు.

ఆ సంగతి ఆవిడే ముందు చెప్పేవారు, కొంచెం సిగ్గుపడుతూ. ఊరికి దూరంగా గోధుమ పొలాల మధ్య పుట్టి పెరిగిన మనిషి. పదిహేడేళ్ళు వచ్చేదాకా ఇంగ్లిష్ కాక ఇంకో భాష చెవిన పడలేదట. అలాంటి మనిషి చేసిన పని ఏమిటంటే, కొత్తగా బడిలో చేరిన పిల్లల్లో ఎవరు ఇంగ్లిష్‌ని ఇంకా నేర్చుకుంటున్నారో కనిపెట్టడం. “నాకున్నది ఒక్క భాషే కాబట్టి నేను ఎక్కువసేపు చూడాలి,” అనేవారు.

పన్నెండేళ్ళ కిందట మావాణ్ణి ప్రెప్‌లో చేర్చడానికి వెళ్ళాను. ప్రెప్ అంటే ఇక్కడ ఒకటో తరగతికి ముందు ఏడాది. చేర్పించే ఫారంలో ఒక ప్రశ్న ఉంటుంది: ఇంట్లో ఇంగ్లిష్ కాక వేరే భాష ఏదైనా మాట్లాడతారా? మా ఆయన ముందు రోజే చెప్పి పంపాడు. “ఇంగ్లిషే అని రాయి. లేకుంటే పిలగాణ్ణి పక్కకు కూసోబెడ్తరు.” మేము చదువుకోవడానికి వచ్చి క్లేటన్‌లో ఒకే ఇంట్లో ఏడుగురం ఉన్న రోజుల్లో, ఎవరి పిల్లకో ఇలా జరిగిందని విన్నాం. నిజమో కాదో ఎవరూ కనుక్కోలేదు. భయం మాత్రం మిగిలింది. ఇంగ్లిష్ అనే రాశాను.

టీచరమ్మ ఫారం చదివారు. మావాడి పక్కన నేలమీద చతికిలబడి, బొమ్మల పుస్తకం తెరిచి, ఇదేమిటి ఇదేమిటి అని అడుగుతూ పోయారు. కుక్క, బస్సు, వాన అన్నీ వాడు ఇంగ్లిష్‌లో టకటకా చెప్పేశాడు. నేను లోలోపల పొంగిపోయాను. అంతలో పడకగది బొమ్మ వచ్చింది. కప్పుకునేదాన్ని చూపిస్తే దుప్పటి అన్నాడు. తలగడని చూపిస్తే మెత్త అన్నాడు. వంటింటి బొమ్మలో గరిటెని గంటె అన్నాడు. మా కరీంనగర్ ఇంటి మాటలు ఆ గదిలో ఒక్కొక్కటే బయటపడుతుంటే నాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

“ఇది ఏ భాష?” అని అడిగారు.

తెలుగు అన్నాను. ఆ మాట నా చేత నాలుగుసార్లు చెప్పించుకున్నారు. తర్వాత కొత్త ఫారం ఒకటి తెచ్చి నా ముందు పెట్టి, పాతదాంట్లో రాయడానికి చోటు చాల్లేదనుకుందాం అన్నారు. నేను రాస్తున్నంతసేపూ పక్కన కూర్చుని, ఆ ప్రశ్న ఎందుకో చెప్పారు. వీడికి ఆటల్లో సరిపడా ఇంగ్లిష్ వచ్చు. పుస్తకంలో ఉండే ఇంగ్లిష్ ఇంకా రాలేదు. అది మాకు తెలిస్తే కూర్చోబెట్టి నేర్పుతాం, వీడి ఎదుగుదలని ఆ లెక్కనే చూస్తాం. తెలియకపోతే మూడో తరగతికి వచ్చేసరికి ఎవరో ఒకరు వీణ్ణి మందమతి అంటారు. నేను చూశాను, అన్నారు.

ఆ మరుసటి ఏడు ఆవిడే ఫోన్ చేసి, బడిలో తెలుగు, హిందీ వచ్చిన మనిషి కావాలి, వస్తావా అని అడిగారు. నా ఉద్యోగం అలా మొదలైంది. కొత్త కుటుంబం వచ్చినప్పుడు ఆవిడ అడిగేవి నేను మన భాషలో అడగాలి. వాళ్ళు చెప్పేది ఆవిడకి ఇంగ్లిష్‌లో చెప్పాలి. క్లాసులో ఆ పిల్లల పక్కన కూర్చోవాలి.

ఆవిడ అలవాట్లన్నీ నాకు మొదట్లో వింతగా ఉండేవి. పొద్దున్న ఎనిమిదిన్నరకల్లా గేటు దగ్గర నిలబడేవారు. నెత్తిన వెడల్పాటి టోపీ, చేతిలో ఫ్లాస్కు మూతలో టీ. ఎండైనా, ఆ పడమటి గాలి మనిషిని తోసేస్తున్నా అక్కడే. చూసేవాళ్ళకి ఊరికే నిలబడ్డట్టు ఉండేది. పిల్ల ఏ భాషలో మారాం చేస్తోంది, తిట్టేవాళ్ళు ఏ భాషలో తిడుతున్నారు అని వింటున్నారన్నమాట. “ఫారం రాసేది నాన్న, గేటు దాకా తెచ్చి దింపేది అమ్మమ్మ,” అనేవారు. తర్వాత నా దగ్గరికి వచ్చి, ఆ ఎర్ర బ్యాగు పిల్ల అమ్మమ్మ ఇలా అంది, ఏమిటది అని, విన్న శబ్దాన్ని విన్నట్టే అప్పజెప్పేవారు. సగం సార్లు అది “నడువ్ నడువ్” అయి ఉండేది.

పిల్లల పేర్లు కుదించనిచ్చేవారు కాదు. నా పేరులో ఒక ‘ళ’ ఉంది. అది నోటికి రావడానికి ఆవిడకి రెండేళ్ళు పట్టింది. వచ్చిన రోజు స్టాఫ్ రూములో అందరి ముందూ మూడుసార్లు పలికి, మధ్యాహ్నం తినడానికి తెచ్చుకున్న మాండరిన్ పండు ఒలిచి సగం నాకిచ్చారు.

ఇక ఆ పాప సంగతి చెప్పాలి. అది చెప్పకుండా టీచరమ్మ గురించి నేనేం రాసినా అబద్ధమే అవుతుంది.

పదేళ్ళయింది. జనవరి చివర, బడి తెరిచే ముందు, గుంటూరు నుంచి వచ్చి రెండు నెలలైన కుటుంబం ఒకటి పిల్లని ప్రెప్‌లో చేర్చడానికి వచ్చింది. నాకు ఆ రోజు ఫోన్ చేసిన అమ్మాయే ఆ తల్లి. భర్త గోదాములో పనికి వెళ్ళాడు. తల్లి ఒళ్ళో పాప, ఐదేళ్ళది, మా మొహాల వంక కళ్ళార్పకుండా చూస్తోంది. ఎంత చక్కగా చూస్తోందో అనుకున్నాను. టీచరమ్మ అడగాల్సినవన్నీ అడిగారు. ఇంట్లో ఏ భాష, ఎవరితో ఎక్కువ మాట్లాడుతుంది, కథలు వింటుందా, ఇంట్లో ఎలా ఉంటుంది.

ఆ చివరి ప్రశ్నకి తల్లి, “ఇంట్లో కూడా అంతేనండీ. పిలిస్తే పలకదు. మొండిఘటం,” అంది.

మన తల్లులు పైవాళ్ళ ముందు పిల్లల గురించి ఎలా చెబుతారో నాకు తెలుసు. మావాడు మొద్దు అంటారు, మా పిల్ల పెంకి అంటారు. మెచ్చుకుంటే దిష్టి. మొదటి రోజే పిల్ల మీద మొండిదన్న మాట పడటం నాకిష్టం లేకపోయింది. అందుకని టీచరమ్మతో, ఇంట్లో కూడా తక్కువే మాట్లాడుతుందట, కొంచెం సిగ్గరి అని చెప్పాను. ఆవిడ పుస్తకంలో రాసుకున్నారు. చెప్పినందుకు నాకు తృప్తిగా కూడా ఉండింది.

కొత్త భాష మధ్య పడ్డ పిల్లలు కొన్ని నెలలు నోరు విప్పకపోవడం మామూలే. వింటూ పోగేసుకుంటారు. తొందరపెట్టకూడదు. పాప ఇంట్లోనూ సిగ్గరి కాబట్టి ఇంకొంచెం ఆగుదాం అన్నారు టీచరమ్మ. ఇంగ్లిష్ నేర్చుకుంటున్న పిల్ల అని రాశారు, మౌనంగా ఉన్నది అని రాశారు. క్లాసు టీచరుకి సందేహం వచ్చి రెండుసార్లు అడిగితే, ఇది మేం ఎరిగినదే, ఆగండి అని చెప్పారు. అలా రెండు టర్ములు, అంటే సగం ఏడాది, గడిచాయి.

నాతో పాప ఒకటో రెండో మాటలు తెలుగులో అనేది. ఆ మాటల్లో ‘స’ ఉండేది కాదు, ‘చ’ ఉండేది కాదు. ముద్దుమాటలింకా పోలేదనుకుని నవ్వుకున్నాను.

ఇక్కడ ఆగస్టు అంటే చలికాలం. ఒకరోజు బయట చలిగాలి, వాన. ఆటల వేళ పిల్లల్ని లోపలే ఉంచారు. టీచరమ్మ నన్ను తెలుగు పిల్లలు ముగ్గురికీ ఏదైనా కథ చెప్పమన్నారు. దొంగతనంగా లడ్డూ తిన్న ఎలుక కథ ఒకటి అప్పటికప్పుడు కల్పించి చెప్పాను. ఎలుక మూతికి అంటిన పిండి దగ్గర ముగ్గురూ పకపకా నవ్వారు. నాకైతే అంతే కనిపించింది.

పిల్లలు లేచాక ఆవిడ నన్ను పిలిచి, “ఆ పాప మిగతావాళ్ళు నవ్వాక నవ్వుతోంది,” అన్నారు. “వాళ్ళ మొహాలు చూసి నవ్వుతోంది. నీ భాషలో కూడా ఎందుకు ఆలస్యం?”

నాకు అర్థం కాలేదు. ఆవిడ నన్ను పిల్లల వెనకకి వెళ్ళి నిలబడమన్నారు. మామూలు గొంతుతో, తెలుగులో, వాళ్ళకి ఇష్టమైనది ఏదైనా అనమన్నారు. నేను వెళ్ళి, “చాక్లెట్ ఎవరికి కావాలె?” అన్నాను. ఇద్దరు గిరుక్కున తిరిగారు. పాప నల్ల క్రేయాన్‌తో కాగితం మీద గీతలు గీసుకుంటూనే ఉంది. ఇంకోసారి అన్నాను. పక్క పిల్ల లేచింది కాబట్టి అప్పుడు తలెత్తి చూసింది.

టీచరమ్మ పిల్లలు కూర్చునే ఆ చిన్న కుర్చీలో మోకాళ్ళు గడ్డానికి తగిలేలా కూర్చుండిపోయారు.

వారం రోజుల్లో పరీక్షలు జరిగాయి. రెండు చెవులూ సగానికి పైగా వినపడటం లేదు. పుట్టుకతోనే అయి ఉండొచ్చన్నారు. పెదవులు చూసి, మొహాలు చూసి ఇంతకాలం నెట్టుకొచ్చింది. అన్నేళ్ళుగా అంతమంది పిల్లల్లో ఎవరికి ఏం కావాలో కనిపెట్టిన మనిషి, ఈ ఒక్క పిల్ల మీద తప్పు చీటీ అంటించి ఆర్నెల్లు ఆగమన్నారు.

ఆ శనివారం నన్ను తోడు తీసుకుని వాళ్ళింటికి వెళ్ళారు. బడి తరఫున ఎవరూ వెళ్ళమనలేదు. కొత్త ఇల్లు, ఇంకా సామాను లేదు. తల్లి, తండ్రి, మేమిద్దరం చాప మీద కూర్చున్నాం. టీచరమ్మ మోకాళ్ళ నొప్పి మనిషి. కుర్చీ తెస్తామంటే వద్దన్నారు. చేతులు ఒళ్ళో పెట్టుకుని తండ్రి వైపు, తల్లి వైపు చూసి రెండు మాటలు చెప్పి, నా వంక తిరిగి ఆగారు. నేను తెలుగులో చెప్పాలి.

ఒకరి మాటని ఇంకో భాషలో చెప్పేటప్పుడు ‘ఆవిడ ఇలా అంటున్నారు’ అనకూడదు. ఎదుటి మనిషి ఎలా అంటే అలాగే అనాలి. అది ఆవిడ నాకు నేర్పిన పద్ధతే. కాబట్టి అలాగే అన్నాను.

“తప్పు నాది. నేను ముందే కనుక్కోవాల్సింది. మీ పాపకి రెండు టర్ములు పోగొట్టాను.”

తల్లి ఏడవలేదు. చాప అంచు గిల్లుతూ, నా మొహం చూడకుండా చెప్పింది. “నేను కొట్టానండీ దాన్ని. ఎన్నిసార్లో. పిలిస్తే పలకట్లేదని కొట్టాను.”

అప్పుడు తగిలింది నాకు. పిలిస్తే పలకదు. జనవరిలో ఇదే మాట, ఇదే గొంతు. పలకదు అంటే మాట్లాడదు అని నేను సర్దేశాను. పిలిస్తే అన్నది నా చేతిలోనే రాలిపోయింది. ఆ ఒక్క ముక్క టీచరమ్మ చెవిన పడి ఉంటే అదే వారం పాపని పరీక్షకి పంపేవారు. నాకది తెలుసు. ఎదురుగా టీచరమ్మ నేను ఇంగ్లిష్‌లో చెప్పేదాకా చూస్తున్నారు. చెప్పాను. అక్షరం పొల్లుపోకుండా చెప్పాను. ఆవిడ ముందుకు వంగి తల్లి చేయి పట్టుకున్నారు. క్షణం కిందట నా నోటితో అన్న ‘తప్పు నాది’ నిజంగా నాదేనని ఆ గదిలో నాకొక్కదానికే తెలుసు. నోరు తెరవలేదు.

సెప్టెంబరులో పాపకి చెవి మిషన్లు వచ్చాయి. తల్లి మొక్కుకుందట, కేరమ్ డౌన్స్ గుడికి తీసుకెళ్తూ మమ్మల్నీ రమ్మంది. గంటకు పైగా ప్రయాణం. టీచరమ్మ టోపీ కారులోనే వదిలి, చెప్పులు విడిచి, మా వెనకాలే నడిచారు. తండ్రి పాపని ఎత్తి గంట కొట్టించాడు. పాప ఉలిక్కిపడి రెండు చెవులూ మూసుకుంది. ఏడుస్తుందేమో అనుకున్నాం. ఇంకోసారి అని వేలు చూపింది. అలా ఎన్నిసార్లు కొట్టిందో. వెనక నిలబడ్డవాళ్ళెవరూ తొందరపెట్టలేదు. టీచరమ్మ గోడ వైపు తిరిగి నిలబడ్డారు. తర్వాత అందరితో పాటు పులిహోర తిన్నారు, మిరపకాయ కొరికి కళ్ళు తుడుచుకున్నారు, బాగుందన్నారు. తిరిగి వస్తుంటే కారులో “రెండు టర్ములు,” అని మాత్రం అన్నారు. నేను స్టీరింగ్ పట్టుకుని ముందుకే చూస్తూ ఉండిపోయాను.

నా తప్పు టీచరమ్మకి చెప్పింది డిసెంబరులో. బడి మూసే ముందు రోజు, గోడల మీది బొమ్మలు ఊడదీస్తూ ఉన్నాం. ఎందుకు ఆ రోజే వచ్చిందో ధైర్యం, చెప్పేశాను. ఆవిడ చేతిలో పిన్నుల డబ్బా ఉంది. దాన్ని బల్ల మీద పెట్టారు.

“పొరపాటు ఎవరికైనా వస్తుంది,” అన్నారు. “కానీ నాలుగు నెలలు నువ్వు నా పక్కనే కూర్చున్నావు.”

అంతే. బ్యాగు తీసుకుని వెళ్ళిపోయారు. రేపు కలుద్దాం అనలేదు. మర్నాడు చివరి రోజు అందరికీ కేకు పంచారు, నాకూ ఇచ్చారు, మాట్లాడలేదు. ఇక్కడ వేసవి సెలవులు అప్పుడే, ఆరు వారాలు. ప్రతి ఏడూ కొత్త సంవత్సరానికి ఆవిడ దగ్గర్నించి ఒక కార్డు వచ్చేది. ఆ ఏడు రాలేదు. ఉద్యోగం పోతుందని నాకు భయం వేయలేదు. ఆ కార్డు రాకపోవడమే నన్ను తినేసింది.

బడి తెరిచిన రోజు పొద్దున్న గేటు దగ్గర ఆవిడ ఉన్నారు. నేను పక్కనుంచి తలవంచుకుని వెళ్తుంటే పిలిచారు, నా పేరుని ‘ళ’తో సహా. నోట్‌బుక్ తీశారు. ఆ మాట మళ్ళీ చెప్పు అన్నారు. పిలిస్తే పలకదు అని చెప్పాను. ఇంగ్లిష్ అక్షరాల్లో రాసుకుని, చదివి, నేను సరిదిద్దితే కొట్టేసి మళ్ళీ రాశారు.

“ఇకమీదట వాళ్ళు చెప్పింది ఉన్నదున్నట్టు నాకు చెప్పు, ఎంత కటువుగా ఉన్నా. మెత్తన చేయడం నా పని.”

ఆ ఏడు నుంచి ఏ కుటుంబం వచ్చినా, ఏ దేశం వాళ్ళైనా, ఆవిడ తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటి పెరిగింది. పక్క గదిలోంచి పిలిస్తే మీ పిల్ల తిరిగి చూస్తుందా? అలా అడగబట్టే మరో ఇద్దరు పిల్లలు మొదటి వారంలోనే బయటపడ్డారు. ఆ పాప తల్లికి నిజం చెప్పనా అని ఒకసారి అడిగాను. అది నువ్వు తేల్చుకోవాల్సింది, నా పేరు మీద చెప్పకు అన్నారు. నేను తేల్చుకోలేదు. ఆ అమ్మాయి నన్ను అక్కా అనడం మొదలుపెట్టింది. ఉగాదికి పచ్చడి, వినాయక చవితికి ఉండ్రాళ్ళు పంపేది. చెప్పడం రోజురోజుకీ కష్టమైంది.

నాలుగేళ్ళ కిందట టీచరమ్మ రిటైరై సముద్రం వైపు వెళ్ళిపోయారు. ఒక్కసారి వెళ్ళాను. టమాటా మొక్కలు చూపించారు. బడిలో ఇప్పుడు ఎన్ని భాషలని అడిగారు. తర్వాత వెళ్దాం వెళ్దాం అనుకుంటూనే ఉన్నాను. గంటన్నర దారి. మా ఆయనకి వీలు కాకపోతే నాకు పని, నాకు వీలైతే వాన. ఇలాంటివే కారణాలు, ఇప్పుడు రాస్తుంటే ఒక్కటీ నిలబడటం లేదు.

అంత్యక్రియలకి ఆ అమ్మాయి, వాళ్ళ పాప, నేను ముగ్గురం నా కారులోనే బయల్దేరాం. పాప వెనక సీట్లో ఫోన్‌లోని పాట నేరుగా చెవి మిషన్లలోకి పెట్టుకుని కళ్ళు మూసుకుంది. పెద్ద వంతెన దాటాక చెప్పాను. ఇక చెప్పకపోతే ఈ మాట నాతోనే ఉండిపోతుందనిపించింది.

“నీకొకటి చెప్పాలె. మీరు చేర్పియ్యనీకి వచ్చిన నాడు నువ్వు పిలిస్తే పలకదు అన్నవు. నేను మేడమ్‌కు అట్ల చెప్పలే. తక్కువ మాట్లాడుతది, సిగ్గు అని చెప్పిన. తప్పు మేడమ్‌ది కాదు. నాది.”

ఎంత దూరం పోయామో. లారీలు పక్కనుంచి వెళ్తున్నాయి. దిగిపొమ్మంటుందో, కారు ఆపమంటుందో అని ఎదురుచూశాను.

“నేనూ పలకదనే అన్నాగా అక్కా,” అంది చివరికి. “వినపడదేమో అనలేదుగా. కన్నదాన్ని.”

ఇంకాసేపటికి అడిగింది. “ఆవిడకి తెలుసా?”

“తెలుసు. ఆ డిసెంబర్ల చెప్పిన.”

“మరి ఆ తర్వాత ఎన్నిసార్లు కలిశారు మమ్మల్ని. ఒక్కసారన్నా అనలేదే.”

ఆ అమ్మాయి కిటికీ వైపు తిరిగి కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. కాసేపయ్యాక చేయి చాచి, గేరు మీదున్న నా చేతిని ఒకసారి నొక్కి వదిలేసింది. ఆ నొక్కడంలో క్షమించడం ఉందో, బాధ ఉందో నాకు తెలియలేదు. ఇప్పటికీ తెలియదు. పోయిన ఆదివారం మళ్ళీ ఫోన్ చేసింది. భోజనం అయిందా అని అడిగింది.

అంత్యక్రియలు ఊరి చివర చిన్న హాల్లో జరిగాయి. ఆవిడ బంధువులు ఇరవై ముప్పై మంది ఉంటారేమో. మిగతా జనమంతా మేమే, ఆవిడ బడి పిల్లల కుటుంబాలు. కుర్చీలు చాలక గోడల వెంట నిలబడ్డారు. పాప ముందు వరసలో కూర్చుంది, అక్కడైతే మాట స్పష్టంగా అందుతుందని. ఆవిడ కూతురు లేచి, అమ్మకి మీ అందరి పేర్లూ తెలుసు, నన్ను క్షమించండి, నాకు తెలియవు అని చెప్పింది. ఇంకెవరూ పెద్దగా మాట్లాడలేదు. పొగడ్తలు వద్దని ఆవిడ ముందే రాసిపెట్టారట.

అయిపోయాక అందరూ బయట కార్లు నిలిపిన చోటికి వచ్చారు. కానీ ఎవరూ వెళ్ళలేదు. పని నుంచి నేరుగా వచ్చిన తండ్రులు, పచ్చ చారల చొక్కాలతో, చేతుల్లో కాగితం పళ్ళేలు పట్టుకుని నిలబడ్డారు. పెద్దయిన పిల్లలు ఒకరినొకరు గుర్తుపట్టడానికి ప్రయత్నిస్తున్నారు. సముద్రం మీంచి గాలి వచ్చి పళ్ళేలు ఎగరగొడుతుంటే వాళ్ళే పరిగెత్తి ఏరుతున్నారు. హాలుకి తాళం వేసే మనిషి రెండుసార్లు బయటికి వచ్చి చూసి, మళ్ళీ లోపలికి వెళ్ళాడు.

అప్పుడొక ముసలావిడ నా దగ్గరికి వచ్చింది. తల మీద పూల గుడ్డ, నోట్లో పళ్ళు లేవు. ఏ దేశమో తెలియదు. నా రెండు చేతులూ తన చేతుల్లోకి తీసుకుని తన భాషలో చెప్పడం మొదలుపెట్టింది. హిందీ కాదు, నేనెరిగిన ఏ మాటా కాదు. మధ్యలో ఒకసారి నవ్వింది, ఒకసారి హాలు వైపు చూపించింది, ఒకసారి తన మోకాలి ఎత్తు దగ్గర చేయి పెట్టి ఇంత పిల్ల అన్నట్టు చూపింది. చుట్టూ చూశాను, అర్థం చెప్పేవాళ్ళెవరైనా ఉన్నారేమోనని. ఎవరూ లేరు. ఆవిడ చెబుతూనే ఉంది. ఎండ దిగిపోతోంది, ఒక్కొక్క కారే కదులుతోంది. నేను అలాగే నిలబడి, ఆవిడ మొహం వంక చూస్తూ, ఆవిడ ఆగినచోటల్లా ఊ కొడుతూ విన్నాను.